చేతులు జోడించిన వీడియో

పేరమ్మను చంపింది గవర్నర్ హార్లన్ టీగ్. అబ్బులుకు ఇది వాదించుకునే విషయం కాదు. ఆగస్టులో దుబాయ్ జెబెల్ అలీ మండిపోతుందంటే ఎవరూ సాక్ష్యం అడగరు. ఇదీ అంతే.

టీగ్ ఆమెను చేత్తో ముట్టుకోలేదు. ముట్టుకోవలసిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. మన దగ్గర గవర్నరంటే రాజ్‌భవన్‌లో కూర్చుని సంతకాలు పెట్టే పెద్దమనిషి. అమెరికాలో గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు. ఓట్లు అడుక్కుని గెలుస్తాడు, గెలిచాక రాష్ట్రమంతా తన చేతిలో పెట్టుకుంటాడు. టీగ్ మొదట కోత యంత్రాలు అమ్మేవాడు. ఆదివారం పూట రేడియోలో బైబిలు వాక్యం చెప్పేవాడు. ఆ గొంతు జనానికి నచ్చింది. గెలిచిన మొదటి ఏడాదే బడి లైబ్రరీల్లోంచి తనకు నచ్చని పుస్తకాలు తీయించేశాడు. సరిహద్దు దాటి వచ్చిన వలస జనాన్ని బస్సులెక్కించి, తనకు ఓటెయ్యని నగరాల్లో దింపి రమ్మన్నాడు. కోళ్ళ కంపెనీ వాళ్ళ విమానంలో తిరుగుతున్నాడని పత్రికలు రాస్తే, నడిచి వెళ్ళమంటారా అని సభలో అడిగి నవ్వించాడు.

తర్వాత కరోనా వచ్చింది. లోకమంతా తలుపులు వేసుకుంటే అతను తెరిపించాడు. మూతికి గుడ్డ కట్టుకోండి అన్న మేయర్లను కోర్టుకు లాగాడు. కోళ్ళు కోసే ఫ్యాక్టరీలు ఒక్క పూట ఆగడానికి వీల్లేదని ఉత్తర్వు ఇచ్చాడు. అందులో పనిచేసేవాళ్ళు వరసగా పోయారు. స్వేచ్ఛకు ఖరీదుంటుంది అన్నాడు. ఆ ఖరీదు కట్టినవాళ్ళలో అతని ఇంటివాళ్ళు లేరు. రెండోసారి ఇంకా ఎక్కువ ఓట్లతో గెలిచాడు.

ఆ మనిషి ఇప్పుడు దుబాయ్ వచ్చాడు.

పోయిన వారం అబ్బులును మనం పద్మజగారి విల్లాలో, తెల్ల సోఫా అంచున కూర్చోబెట్టి వదిలాం. రాజోలు వైపు నుంచి వచ్చిన కూలీ అతను. అతని భార్య పేరమ్మ చాలా ఏళ్ళు ఈ విల్లాలోనే పనిచేసింది. పద్మజకు అమెరికా పాస్‌పోర్టు ఉంది. కూతురి పురుడుకని 2020 మొదట్లో టీగ్ రాష్ట్రానికి వెళ్తూ పేరమ్మను వెంట తీసుకుపోయింది. విమానాలు ఆగిపోయాయి. ఆ ఎండాకాలం పద్మజ భర్త శ్యాంప్రసాద్ అక్కడి ఇంట్లో గవర్నర్‌కు విందు ఇచ్చాడు. అతని వ్యాపారం ఆ రాష్ట్రపు కోడి కాళ్ళు ఓడల్లో తెచ్చి గల్ఫ్‌లో అమ్మడం. పేరమ్మ అందరికీ వడ్డించింది. ఆ రాత్రి ఫోన్‌లో మొగుడితో, "కాళ్ళు పీకేశాయయ్యా, ఒక్కడి మూతికీ గుడ్డ లేదు," అంది. రెండు వారాలు తిరగకుండా పోయింది. శవం ఇంటికి రాలేదు. అబ్బులు అప్పుడు ఉమ్ అల్ క్వైన్‌లో సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో ఉన్నాడు. శ్యాంప్రసాద్ అతన్ని పిలిచి జెబెల్ అలీలో తన కోల్డ్ స్టోర్‌లో పెట్టుకున్నాడు. అందరూ దాన్ని ఉపకారం అన్నారు.

రేపు ఆ కోల్డ్ స్టోర్ కొత్త భవనాన్ని టీగ్ ప్రారంభిస్తాడు. అబ్బులు వేదిక మీద అతని పక్కన నిలబడాలి. ఎందుకో చెప్పడానికే పద్మజ కారు పంపించింది.

"టీ తాగు అబ్బులూ. చల్లారిపోతోంది," అంది పద్మజ.

"తాగుతానండి."

తాగలేదు. పూల కప్పు, కింద సాసరు. పేరమ్మ ఉన్న రోజుల్లో అతను ఈ ఇంటి వెనక గుమ్మం దగ్గర స్టీలు గ్లాసులో తాగేవాడు. కప్పు మారిందంటే తన నుంచి ఏదో కావాలి. అంతవరకు అతనికి అర్థమైంది.

పద్మజ రిమోట్ నొక్కింది. గోడంత టీవీలో గోధుమ పొలం కనబడింది. టీగ్ పొలం గట్టున నడిచి వస్తున్నాడు. వెనక జెండా. అతని గొంతు మెత్తగా ఏదో చెబుతోంది. పొలం పోయి పేరమ్మ వచ్చింది. ఈ ఇంటి వంటగదిలో, ఏప్రాన్ కట్టుకుని, చేతిలో గరిటె పట్టుకుని నవ్వుతున్న ఫొటో.

అబ్బులు లేచి నిలబడ్డాడు.

పేరమ్మ పోయి, అబ్బులే వచ్చాడు. ఉమ్ అల్ క్వైన్ క్యాంపు గది. మంచానికి కట్టిన నీలం దుప్పటి. అటొకడు, ఇటొకడు తోటి కూలీలు. ముగ్గురూ చేతులు జోడించి ఉన్నారు. మధ్యలో అబ్బులు నోరు కదులుతోంది. గొంతు సన్నగా వినిపిస్తుంటే, కింద ఇంగ్లీషు అక్షరాలు పోతున్నాయి. అంతలో జెండా ఎగిరింది. టీగ్ పేరు పెద్దగా పడింది. అయిపోయింది.

"అది నేనండి," అన్నాడు.

"నువ్వే. ఆ రాష్ట్రంలో నిన్ను చూడనివాళ్ళు లేరు. పోయిన ఎన్నికల్లో రోజూ వేశారు టీవీల్లో."

"రోజూనా అండి?"

"వార్తల ముందు, వార్తల తర్వాత."

"కింద ఏం రాశారండి?"

పద్మజ గుర్తు తెచ్చుకోవలసిన పని లేకుండా చెప్పింది. "గవర్నర్‌గారూ, మీకు వందనాలు. మీరు మాకు దేవుడు. నా భార్య మీ గడ్డ మీద గౌరవంగా పోయింది. మీకు రుణపడి ఉంటాం."

"తర్వాత?"

"తర్వాతేముంది. అంతే."

"నేను చెప్పింది అక్కడితో అవ్వలేదండి."

పద్మజ టీవీ ఆపేసింది.

గల్ఫ్‌లో తెలుగు కూలీకి ఆపద వస్తే చేసే మొదటి పని వీడియో తియ్యడం. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, పాస్‌పోర్టు లాక్కున్నా, కాలు విరిగినా, పక్క మంచం వాడు నిద్రలో పోయినా, నీళ్ళ సీసాకు ఫోన్ ఆనించి ముగ్గురు నలుగురు వరసగా కూర్చుని చేతులు జోడిస్తారు. ఊరి ఎమ్మెల్యే నుంచి ఢిల్లీ మంత్రి దాకా ఎవరి పేరు తెలిస్తే వాళ్ళను పిలుస్తారు. దానికో పద్ధతి ఉంది. ముందు దణ్ణం. తర్వాత పొగడ్త. మీరే మాకు దేవుడు, మీకు రుణపడి ఉంటాం. మొర ఆఖరున. పెద్దవాళ్ళను తిన్నగా అడగడం అమర్యాదని ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చు. ఎంత మొరటువాడైనా ఆ వరస తప్పడు.

అబ్బులూ తప్పలేదు. పేరమ్మ పోయిన మర్నాడు పద్మజ ఫోన్ చేసి, గవర్నర్‌గారికి ఒక వీడియో చేసి పంపు, నేను చూపిస్తాను అంది. అతను ముందు దణ్ణం పెట్టాడు. తర్వాత పొగిడాడు. ఆఖరున, దాని శవం పెట్టెను మా ఊరు పంపించండయ్యా, నా పిల్ల ఒక్కసారి తల్లి ముఖం చూసుకోవాలి అన్నాడు. అక్కడ ఏడ్చాడు కూడా.

దణ్ణం ఉంచుకుని మొర కోసేశారు. తెలుగువాడు చేసిన వీడియో కాబట్టి కోయడం అంత సులువైంది. తిన్నగా అడిగే మనిషైతే కోసి ఉంచుకోవడానికి ముందుభాగం ఉండేదే కాదు.

"ఎవరు కోశారండి?"

"వాళ్ళ ప్రచారం మనుషులు. నిడివి ఎక్కువైందన్నారు."

"ఆయన మొత్తం చూశాడా?"

"కూర్చో అబ్బులూ."

"చూశాడా అండి?"

"లేదు. నేను పంపించిందే అంతవరకు."

అబ్బులు కూర్చున్నాడు. ఈసారి అంచున కాదు.

"అడిగానన్నారు కదండీ నాతో. రూలు ఒప్పుకోలేదు, అక్కడే పూడ్చేయమన్నారు అని చెప్పారు."

"చెప్పాను." పద్మజ కళ్ళు దించలేదు. "ఆ వారం నేనూ మంచం పట్టాను. అయినా లేచి ఆస్పత్రికి వెళ్ళాను. లోపలికి రానివ్వలేదు. కార్లో కూర్చుని ఏడ్చాను. పేరమ్మ నాకు పనిమనిషి ఒక్కటే కాదు, నీకు తెలుసు. కానీ పెట్టె కావాలని అడిగితే, ఆవిడ ఎక్కడ అంటించుకుంది అని అడుగుతారు. గవర్నర్ మా ఇంట్లో భోంచేశాడని బయటికి వస్తుంది. అప్పటికే ఆయన మీద వంద గొడవలు. ఇది కూడా వస్తే ఆయన మమ్మల్ని గడప తొక్కనిస్తాడా? ఆయన సిఫార్సు లేకపోతే శ్యాంకు ఒక్క కంటెయినర్ కదలదు. నీ ఉద్యోగం కూడా అందులోదే."

"మీరు నాకు ఉద్యోగమిస్తారని అప్పుడు నాకు తెలీదండి."

పద్మజ గొంతు మార్చింది.

"నీకు చెప్పని సంగతి ఇంకోటుంది. మంచి సంగతి. పేరమ్మ పేరు మీద అక్కడ చట్టం చేశారు."

"చట్టమా అండి?"

"అక్కడ అదొక ఆనవాయితీ. పోయినవాళ్ళ జ్ఞాపకంగా చట్టానికి పేరు పెడతారు. అసెంబ్లీలో నీ వీడియో వేశారు. అందరూ లేచి నిలబడ్డారట. ఇప్పుడు పెద్ద పెద్ద లాయర్లు కూడా పేరమ్మ చట్టం అంటారు."

అబ్బులు ముఖంలో ఏదో కదిలింది. పేరమ్మ వేలిముద్ర వేసే మనిషి. ఆమె పేరును లాయర్లు పలుకుతున్నారు. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు ఎవరో ఏదో మేలు చేశారేమో అనుకున్నాడు. అనుకున్నందుకు తర్వాత తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేదు.

"ఏం చట్టమండి? పనివాళ్ళ గురించా?"

"ఆఁ... పనివాళ్ళ గురించే." పద్మజ సాసరు సర్దింది. "కరోనాతో పోయినవాళ్ళ తాలూకు మనుషులు యజమానుల మీద కేసులు పెట్టకూడదని."

పక్క గదిలో ఏసీ ఆగి మళ్ళీ మొదలైంది.

"అంటే మీ మీద."

"మా ఒక్కరి మీదని కాదు. కోళ్ళ ఫ్యాక్టరీలు, ఆస్పత్రులు, అందరి మీదా."

"పేరమ్మ పేరు పెట్టి."

"అబ్బులూ, నువ్వు దాన్ని అలా చూడకు."

"ఎలా చూడమంటారండి?"

పద్మజ, చట్టం మీద సంతకం పేరమ్మ సమాధి దగ్గరే పెట్టారని, పెద్ద నల్లరాయి వేయించారని, ఏటా ఆ రోజున టీగ్ స్వయంగా పూలు పెడతాడని చెప్పుకుపోయింది. వచ్చే ఎన్నికల్లో అతను ఇంకా పెద్ద కుర్చీకి నిలబడుతున్నాడు. ఆ ప్రచారం కూడా ఆ రాయి దగ్గరే మొదలుపెడతాడట.

"రాయి ఉంచుకోమనండి. మనిషిని పంపించమనండి," అన్నాడు అబ్బులు.

"అందుకే పిలిచాను." పద్మజ ముందుకు వంగింది. "రేపు స్టేజీ మీద ఆయన పేరమ్మ గురించి మాట్లాడి నిన్ను పిలుస్తాడు. నువ్వు వీడియోలో అన్న మాటలే అను. నేను పక్కనే ఉండి ఇంగ్లీషులో చెబుతాను. కిందికి దిగాక, ఆయన మనసు మెత్తగా ఉన్నప్పుడు, పెట్టె సంగతి నేనే ఎత్తుతాను. ఆయనకు అదొక్క సంతకం."

"కిందికి దిగాక."

"ఒట్టు."

అబ్బులు లేచి, అలవాటు కొద్దీ కప్పు తీసుకుని వెనక గుమ్మం వైపు నడిచాడు. సగం దూరం వెళ్ళాక తనేం చేస్తున్నాడో తెలిసింది. వెనక్కి వచ్చి, నిండు కప్పును ఆ తెల్ల సోఫా చేతి మీద పెట్టి, ముందు గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు.

అతనుండే కూలీల క్యాంపు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో. కారులో అటు వెళ్తూ ఊరికి ఫోన్ చేశాడు. కూతురు సువార్త ఎత్తింది. అక్కడ సమాధుల పండగకు ఇంకా రెండు రోజులుంది. చర్చి వెనక సమాధులకు అందరూ సున్నం వేస్తున్నారు. వాళ్ళ అమ్మమ్మ సమాధి పక్కన పేరమ్మ కోసం విడిచిన జాగా అలాగే ఉంది. ఆ జాగాలో మొలిచిన గడ్డిని ఏటా సువార్త పీకుతుంది. కొవ్వొత్తి పెట్టడానికి అక్కడ ఏమీ లేదు.

"పాస్టరుగారు ఆ జాగా వేరేవాళ్ళకి ఇస్తామంటున్నారు నాన్నా. ఎన్నాళ్ళని ఉంచుతాం, మీ అమ్మ రాదు కదా అన్నారు. నేను వస్తది అన్నాను."

"రేపు అడుగుతున్నానమ్మా. గవర్నర్‌నే."

"పద్మజమ్మగారు అడుగుతారా?"

"నేనే అడుగుతాను." వీడియో సంగతి చెప్పాడు. చట్టం సంగతి చెప్పలేదు. నోరు రాలేదు.

సువార్త, "నాన్నా, దణ్ణం పెట్టకు. ముందే అడిగెయ్," అంది.

మర్నాడు పొద్దున బస్సులో అందరి నెత్తినా కొత్త టోపీలు. ఒక వైపు కంపెనీ గుర్తు, ఇంకో వైపు టీగ్ రాష్ట్రం జెండా. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే భూమేశ్ టోపీ తీసి తిప్పి తిప్పి చూశాడు. జగిత్యాల వైపు మనిషి. నోరు ఊరుకోదు.

"అబ్బులన్నా, గీ అమెరికోనికి మనం గూడ ఓటేస్తమనుకుంటున్నడా ఏంది? కోడి కాళ్ళు అమ్ముకోనీకి అచ్చినోనికి ఇన్ని జెండాలేందే."

"పెట్టుకో. సూపర్‌వైజర్ చూస్తున్నాడు."

"పెట్టుకుంటగని, నువ్వేంది పెండ్లికొడుకు తీర్గ కొత్త డ్రెస్సు? స్టేజి మీద నిలవడుతవట."

"నిలబడతాను."

"ఏం మాట్లాడుతవే?"

"నువ్వు వింటావు కదా."

భూమేశ్ అతని ముఖం చూసి టోపీ పెట్టుకున్నాడు. మళ్ళీ హాస్యమాడలేదు.

కోల్డ్ స్టోర్ ముందు తెల్ల షామియానా వేశారు. లోపల పెద్ద పెద్ద కూలర్లు. ముందు వరసల్లో సూట్లు, అరబ్బుల తెల్ల కందూరాలు. వెనక ఆరెంజి బట్టల్లో పనివాళ్ళు: నేపాలీలు, బెంగాలీలు, పఠాన్లు, మనవాళ్ళు. చెయ్యి ఊపితే చప్పట్లు కొట్టాలని సూపర్‌వైజర్ హిందీలో చెప్పి ఉంచాడు.

టీగ్ వచ్చాడు. టీవీలో కన్నా పొట్టిగా ఉన్నాడు. ఎర్రటి ముఖం, తోలు బూట్లు. శ్యాంప్రసాద్ పూలగుత్తి ఇచ్చాడు. టీగ్ కోళ్ళ గురించి మాట్లాడాడు, స్నేహం గురించి మాట్లాడాడు, తర్వాత గొంతు తగ్గించాడు. అబ్బులుకు అందులో ఒకే ఒక్క మాట అర్థమైంది. పెరామా. ఆ మాట మళ్ళీ మళ్ళీ వచ్చింది. టీగ్ తల వంచాడు. ముందు వరసలన్నీ తలలు వంచాయి. టీగ్ కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. అబ్బులుకు అన్నిటికన్నా రోత పుట్టించింది అదే. అతను నటించడం లేదు. ఏళ్ళ తరబడి చెప్పీ చెప్పీ ఆ కథను తనే నమ్మేశాడు.

పిలిచారు. అబ్బులు మెట్లెక్కాడు. చేతులు వాటంతట అవే దగ్గరికి రాబోయాయి. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఎడమ మణికట్టును కుడి చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. పద్మజ మైకు అతని నోటి ముందు పెట్టింది.

"అయ్యా, పేరమ్మ నా భార్య," అన్నాడు అబ్బులు. "మీరు భోంచేసిన విందులో వడ్డించి, అక్కడ రోగం తెచ్చుకుని పోయింది. దాని పెట్టెను మా ఊరు పంపించమని అప్పుడే అడిగాను. ఆ మాట మీకు వినపడకుండా చేశారు. ఇప్పుడు అడుగుతున్నాను. పంపించండి. దాని పేరు మీ చట్టంలోంచి తీసెయ్యండి."

దణ్ణం లేదు. పొగడ్త లేదు.

పద్మజ మైకును తన వైపు తిప్పుకుంది. ముఖంలో రక్తం లేదు. కానీ గొంతు తొణకలేదు. ఇంగ్లీషులో మాట్లాడింది. నెమ్మదిగా, నిండుగా, అతను మాట్లాడినంతసేపూ మాట్లాడింది. టీగ్ వింటూ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ముందుకు వచ్చి అబ్బులును కౌగిలించుకున్నాడు. కెమెరాలు మెరిశాయి. సూపర్‌వైజర్ చెయ్యి ఊపాడు. షామియానా అంతా చప్పట్లు మోగింది.

టీగ్ భుజం మీదుగా అబ్బులు వెనక వరసల కేసి చూశాడు. నేపాలీలు కొడుతున్నారు. బెంగాలీలు కొడుతున్నారు. వాళ్ళ మధ్య అక్కడక్కడా కొన్ని జతల చేతులు కొట్టడం లేదు. భూమేశ్ చేతులు కిందికి వేలాడుతున్నాయి. అతని పక్కన తోటి పనివాడు హన్మంతు టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. తెలుగువాళ్ళు ఎవరూ కొట్టలేదు. వాళ్ళకు రెండూ వినపడ్డాయి, అతనన్న మాటా, దానికి వచ్చిన చప్పట్లూ.

పద్మజ ఏం చెప్పిందో అబ్బులుకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

టీగ్ అతని చెవి దగ్గర ఏదో అన్నాడు. పద్మజ తెలుగులో చెప్పింది. "ఆవిడ మా రాష్ట్రం బిడ్డ, మా నేల ఆవిడను ఎన్నటికీ వదులుకోదు అంటున్నారు."

"ఇది నేనడిగిన దానికి జవాబా అండి, మీరు చెప్పిన దానికా?"

"కెమెరాలున్నాయి అబ్బులూ," అంది పద్మజ పెదవులు కదలకుండా. "నవ్వు."

అతను మెట్లు దిగాడు. ఎవరూ ఆపలేదు. అతనితో వాళ్ళ పని అయిపోయింది.

షామియానా వెనక, లారీలు ఆగే చోట ఎండలో నిలబడ్డాడు. కాసేపటికి మెడలో ప్రెస్ కార్డు వేసుకున్న ఒకామె పరుగున వచ్చింది. ముప్పై అయిదు దాటి ఉంటాయి.

"అన్నా, ఒక్క నిమిషం. నా పేరు ఫర్జానా. టీగ్ రాష్ట్రంలో పేపర్‌కు రాస్త. మాది హైదరాబాద్, మొగల్‌పురా. నాకు తెలుగు వస్తది."

అబ్బులు ఆమెను చూశాడు.

"మీరేమన్నరో విన్న. ఆమె ఏం చెప్పిందో గూడ విన్న. మీరు బతికినంత కాలం గవర్నర్‌కు దువా చేస్తరని చెప్పింది ఆమె. రెండూ నా ఫోన్ల ఉన్నయ్." ఆయాసం తీర్చుకుంది. "ఆ విందుకు తను పోనే లేదని టీగ్ కోర్టుల ప్రమాణం చేసిండు. అది అబద్ధమని తేలితే ఆయన పని ఖతం. పేరమ్మగారు ఆస్పత్రి నుంచి నర్సుతోని మా పేపర్‌కు ఫోన్ చేయించిన్రు. తెలుగు వచ్చేది నాకొక్కదానికే. నేనే మాట్లాడిన."

"పేరమ్మతోనా?"

"ఆమెతోనే. విందు గురించి చెప్పింది. ఇంకా చెప్పింది, మీ కోసం. అంతా రికార్డయింది. గొంతు ఆమెదేనని ఇంట్లోవాళ్ళు అనేదాకా వేయొద్దని మా ఎడిటర్ ఆపిండు. మీ కోసం ఎన్ని క్యాంపులల్ల అడిగిచ్చిన్నో. మీరు ఒక్కసారి విని ఔనంటే చాలు."

"రాస్తే పెట్టె వస్తుందా?"

ఫర్జానా అబద్ధం చెప్పలేదు. "రాదన్నా. రాస్తే ఇంక అసలే పంపరు."

"మళ్ళీ నా ముఖం టీవీలో వేస్తారు."

"వేస్తరు. అది మన చేతుల ఉండదు."

"ఎవరు వేస్తారు?"

"ఆయనకు ఎదురు నిలవడేటోళ్ళు."

అబ్బులు తల ఊపాడు. "ఆయన గద్దె ఎక్కడానికి పేరమ్మే కావాలి. ఆయన్ని దింపడానికీ పేరమ్మే కావాలి. ఇంటికి రావడానికి మాత్రం పేరమ్మ ఎవరికీ అక్కర్లేదు."

"మీ దుఃఖం నాకు అర్థమైతదన్నా. కానీ మీరు నోరు తెరవకుంటే రేపు పేపర్లల్ల ఆ కౌగిలింతనే వస్తది. అదే నిజమైతది." ఆమె ఫోన్ అతని ముందుకు చాచింది. బొటనవేలు దాని మీద ఆగి ఉంది. "ముందు వినండి. ఆమె మిమ్మల్ని పేరు పెట్టి పిలిచింది. వినిపించనా?"

షామియానాలో ఇంకోసారి చప్పట్లు మోగాయి. అబ్బులు ఆ ఫోన్ కేసి చూశాడు. చెయ్యి లేవబోయింది. దాన్ని కిందికే ఉంచాడు.

"వద్దు," అన్నాడు. "పేరమ్మ గురించి నేనన్న మాటలన్నీ ఎవరో ఒకరు పట్టుకుపోయి అమ్ముకున్నారు. ఇక నా దగ్గర మాటల్లేవు. ఖలాస్. మీతోనే కాదు, వాళ్ళతోనే కాదు, నా కూతురితో కూడా ఆమె సంగతి ఎత్తను. వినను. చచ్చేదాకా ఎత్తను."